దొనమడుగు దారి

పెనుకొండ
1957 ఆగస్టు, ఆదివారం

వదినకు సాజిదా సలాములు.

కార్డు రాస్తే పోస్టుమాను చదివి బజారంతా చెప్తాడని కవరు కొన్నాను. ఈ ఉత్తరం మీ తమ్ముడికి తెలియకుండా రాస్తున్నాను. ఆయన ఇప్పుడు ఇంట్లో లేడు. ఎక్కడున్నాడో మీకు చెప్పాలనే రాయడం.

మీ తమ్ముడు ఆదివారం వచ్చిందంటే కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి చేపలకు పోతున్నాడు. చెరువుకు పోతే నాకు బాధ లేదు. గువ్వలగండికి పోతున్నాడు. రొద్దం దాటినాక మీ పెన్నేరు రెండు కొండల నడుమ దూరే చోటది. పైన నిలబడి చూస్తే ఏరు నూలుపోగంత కనబడుతుందట. అంత లోతుకు మేకలు దిగే దారిన దిగుతారు. తోడు గంగాధరప్ప అని ధర్మవరం ఆయన. పట్టుచీరలు నేస్తాడు. శనివారం సాయంత్రం రైల్లో వచ్చి మా ఇంట్లో పడుకుని, తెల్లవారకముందే ఇద్దరూ లేచిపోతారు. మంచి మనిషి. వచ్చినప్పుడల్లా నా చేతి రొట్టెలు మెచ్చుకుంటాడు. అందుకే ఆయన్ని తిట్టలేను.

ఎందుకు పోవాలని ఒకరోజు నిలదీశాను. "వారమంతా మిషను తొక్కి తొక్కి నా కాళ్ళు కొయ్యలైతాండాయి. గంగాధరప్ప మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని కూసుంటే మళ్ళా రాత్రికే తీసేది. మేమూ మనుషులమే గదా?" అన్నాడు.

పోయే ముందు దారంతా నాకు చెప్తాడు. పల్లె దాటినాక తుమ్మకంప. తర్వాత కొండకు అంటుకుని పాదమంత వెడల్పు అరుగు, ఒక పక్క బండ, ఇంకో పక్క గాలి. అక్కడ బండకు ముఖం పెట్టి పక్కవాటుగా నడవాలి, కిందికి చూడకూడదు. తర్వాత కూర్చుని జారాలి. కింద చాపలా నున్నగా పరుచుకున్న బండ, దాని పేరే చాపబండ. అక్కడ దారి చీలుతుంది. ఎడమకు పోతే పెద్దమడుగు, కుడికి పోతే దొనమడుగు. ఇదంతా నాకెందుకు చెప్తావంటే నవ్వి, "ఒకవేళ రాకపోతే యాడ ఎతకల్లో నీకు తెలియల్ల గదా" అన్నాడు.

వదినా, ఆ మాట విన్నప్పటి నుంచి ఆదివారాలు నాకు అన్నం దిగడం లేదు.

జాగ్రత్త లేని మనుషులు కారు. తడిబండ మీద చెప్పులు విడుస్తారు. దిగగానే నీటి అంచున రాతి మీద బొగ్గుతో గీత గీస్తారు. గీత మునిగితే గాలాలు అక్కడే పారేసి పైకెక్కడమే. పొద్దు గండి గోడ వెనక్కి పోకముందే బయటపడతారు. ఒంటరిగా ఎవరూ దిగరు. అన్నీ మంచి పద్ధతులే. ఇన్ని పద్ధతులు కావలసిన చోటికి అసలెందుకు పోవాలన్నదే నా ప్రశ్న.

మీరు ఏటికి ఎగువన ఉన్నారు. నీళ్ళు ముందు మిమ్మల్ని చూసి కదా ఇటు రావాలి. మీ తమ్ముడికి ఒక మాట రాయండి. ఆయన వినకపోతే, కనీసం ఆదివారం పూట ఏటి వైపు ఒక కన్ను వేయండి.

మీ మరదలు
సాజిదా


పరిగి
ఆగస్టు నెలాఖరు

సాజిదాకు దౌలత్‌బీ దీవెనలు.

నీ కవరు చదివినాక ఆ పూట పని చేయలేకపోయాను. అమ్మ పోయినాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది నేను. చిన్నప్పుడు బావి గట్టు మీద ఒంటికాలి మీద నిలబడి "అక్కా, చూడు" అనేవాడు. ఆ బుద్ధి ఇంకా పోలేదన్నమాట.

ఏటి సంగతి నీకు తెలియదు కాబట్టి చెప్తున్నాను. మా ఊరి దగ్గర పెన్నేరు ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. పోయిన యేడు మా పక్కింటి ముత్యాలమ్మ ఏటి ఇసుకలో తవ్విన చెలమలో నీళ్ళు తోడుకుంటోంది. మాడు పగిలే ఎండ, ఆకాశంలో మబ్బు తునక లేదు. ఇసుక మీద పాము పాకుతున్నట్టు బుస్సుమని చప్పుడైంది. తలెత్తి చూస్తే నురుగు, పుల్లలు, ఎండుపేడ, వాటి వెనక ఎర్రనీళ్ళు. బిందె వదిలేసి గట్టెక్కింది. గట్టెక్కి తిరిగి చూసేసరికి చెలమా లేదు, బిందే లేదు. వాన పడింది మాకు కాదు. ఎక్కడో మైసూరు సీమ కొండల మీద పడింది. ఏటికి మన ఆకాశంతో పని లేదమ్మా. బొగ్గు గీత మునిగిందాకా చూస్తామంటే, గీతా మనిషీ ఒక్కసారే మునుగుతారు.

వాడికి వేరే రాశాను. వినడని నాకు తెలుసు. అందుకని ఒక ఏర్పాటు చేద్దాం. ఆదివారం పొద్దున నేను ఏటిగట్టుకు పోయి చూస్తాను. నీళ్ళు కనబడితే మా ఆయన్ను, అదే మీ అన్నను, సైకిలు మీద హిందూపురం స్టేషనుకు తోలి మీ స్టేషనుకు తంతి కొట్టిస్తాను. అక్కడ పోర్టరు నరసింహులు చొక్కాలు మీ ఇంట్లోనే కుడతారు కదా, అతనితో చెప్పి పెట్టుకో. తంతి అందగానే నువ్వు గండికి మనిషిని పంపు. ఏరు మా నుంచి అక్కడికి చేరడానికి చాలాసేపు పడుతుంది, దారిలో ఇసుక తాగుతుంది కదా. మనకు ఆ వ్యవధి చాలు.

మీ అన్న నవ్వుతున్నాడు. "ఏట్లో చేపకన్నా మీ ఇద్దరికే ఎక్కువ బయం" అంటాడు. నవ్వనీ.

దౌలత్‌బీ


పెనుకొండ
సెప్టెంబరు

వదినకు,

మీరు పంపిన తంతి అందింది. ఏం జరిగిందో మీ తమ్ముడు ఎకసెక్కంగా రాసే ఉంటాడు. నేను జరిగినట్టు రాస్తాను.

నరసింహులు కాగితం తెచ్చి ఇవ్వగానే బజారులోకి పరుగెత్తాను. చెనక్కాయల లారీ నడిపే చెన్నకేశవులు పెద్దాయన కనబడితే కాళ్ళకు అడ్డం పడినంత పనిచేశాను. పాపం, ఆయన గండి పైదాకా పోయి హారను మోగిస్తూ, "వరదొస్తాందప్పా, ఎక్కండి!" అని కేకలు పెట్టాడు. ఇద్దరూ గాలాలు పారేసి ఎక్కారు. గంగాధరప్ప మోకాలు చీరుకుపోయింది. గట్టు మీద కూర్చుని పొద్దు వాలేదాకా చూశారు. నీళ్ళు వచ్చాయి, చీలమండ మునిగేంత. మిగిలిందంతా దారిలో ఇసుక తాగేసినట్టుంది.

ఇంటికొచ్చి మీ తమ్ముడు గడపలోనే అందుకున్నాడు. "మా అక్కకు ఏట్లో ఎద్దు ఉచ్చ పోసినా వరదే! బజారులో నా మొగం యాడ పెట్టుకోవల్ల?" గంగాధరప్ప మాత్రం మోకాలికి పసుపు అద్దుకుంటూ, "పోనీలేప్పా, మన కోసం బయపడేవాళ్ళు ఉండారని తెలిసింది" అన్నాడు. మంచం మీద కూర్చుని ఇద్దరూ నవ్వుకున్నారు. నేను వంటింట్లో ఏడ్చాను. బతికి వచ్చినందుకో, నవ్వినందుకో నాకే తెలియదు.

ఇంకో సంగతి. చెన్నకేశవులు మాటల్లో అన్నాడు, "ఒకాయన ఈపక్క నుంచి వస్తే ఇంకొకాయన ఆపక్క నుంచి వచ్చినాడమ్మా" అని. రాత్రి అడిగాను. పక్కపక్కన కూర్చుంటే చేప పడదట. చాపబండ దాకా కలిసి పోయి, అక్కడి నుంచి మీ తమ్ముడు పెద్దమడుగుకు, గంగాధరప్ప దొనమడుగుకు పోతారట. రెండింటికీ నడుమ కొండ మూపు అడ్డం. ఒకరి కేక ఒకరికి వినబడదు. "ఒంటరిగా ఎవరమూ దిగం" అని నాతో అన్న మాటకు అర్థం ఇదన్నమాట.

దొనమడుగు ఎట్లా ఉంటుందని అడిగాను. "రాతితొట్టి మాదిరి ఉంటాది. మూడుపక్కలా గోడే. పోయిన దోవనే రావల్ల" అన్నాడు, ఏదో వింత చెప్పినట్టు.

వదినా, ఆయన కోప్పడినా సరే, మీరు చూడటం మానకండి.

సాజిదా


పరిగి
సెప్టెంబరు

సాజిదాకు,

వాడి ఉత్తరం అందింది. ఇంకోసారి తంతి పంపితే పరిగికి రావడమే మానేస్తానని రాశాడు. మీ అన్న ఆ మాటను ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపించాడు. ముత్యాలమ్మ కూడా చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈ వయసులో నేను ఊరికి నవ్వులాట అయ్యాను.

ఇక చూడనని అనుకున్నాను. పోయిన ఆదివారం గట్టుకు పోకుండా ఇంట్లోనే కూర్చున్నాను. కూర్చోలేక మధ్యాహ్నం పోయి చూశాను. ఒట్టి ఇసుక. ఇసుకను చూసి నవ్వుకుంటూ ఇంటికొచ్చాను. నీళ్ళు లేవని సంతోషించే ఆడది ఈ కరువు సీమలో నేనొక్కతెనే ఉంటాను.

చూస్తూనే ఉంటాను. కానీ ఒక మాట. వాడు విననప్పుడు మన భయం ఎవరికి పనికొస్తుంది, సాజిదా?

దౌలత్‌బీ


పరిగి
అక్టోబరు, మంగళవారం

సాజిదా,

ఆదివారం పంపిన తంతి అందిందా? మీ అన్న స్టేషనులో దగ్గరుండి కొట్టించి వచ్చాడు. ఇక్కడ ఏరు గట్టు ఒరుసుకుని పోయింది. ఇంకా తగ్గలేదు. దాటే వీలు లేదు, బస్సులు లేవు. నిన్నా ఈరోజూ టపా రాలేదు.

ఒక్క మాట రాయి. కార్డు మీదైనా సరే. ఎవరు చదివినా సరే.

దౌలత్‌బీ


పెనుకొండ
అక్టోబరు

వదినకు,

మీ తమ్ముడు బతికున్నాడు. కుడికాలు విరిగింది. ఆసుపత్రిలో కట్టు వేశారు. ముందు ఈ మాట రాసి తర్వాత మిగిలింది రాయాలని కలం పట్టి చాలాసేపు కూర్చున్నాను.

గంగాధరప్ప లేడు.

మీ తంతి పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా అందింది. నరసింహులు ముఖం చూస్తేనే తెలిసింది. "ఈతూరి మాటలు వేరేగా ఉండాయమ్మా. చాలా పెద్ద ఏరంట" అన్నాడు. చెన్నకేశవులు లారీ కోసం పరుగెత్తాను. పోయినసారి నవ్వులపాలైనా ఆయన మారుమాట అనలేదు. నేనూ లారీ ఎక్కాను. ఎందుకు ఎక్కానో చెప్పలేను. ఇంట్లో కూర్చుని ఎదురుచూడటం ఆ రోజు నా వల్ల కాదనిపించింది.

గండి పైన ఎండ కాస్తోంది. కింద ఏరు తేటగా, సన్నగా పారుతోంది. చెన్నకేశవులు హారను కొడుతూనే ఉన్నాడు. ఎవరూ రాలేదు. గాలి మా వైపు వీస్తోంది, వినబడలేదేమో అనుకున్నాం. కాదట. తర్వాత మీ తమ్ముడే ఆసుపత్రి మంచం మీద చెప్పాడు. హారను విన్నాడట. "మా అక్క మళ్ళా తంతి పంపినట్టుండాది" అని తనలో తాను నవ్వుకుని గాలానికి ఇంకో ఎర గుచ్చాడట. గంగాధరప్పకు వినబడిందో లేదో ఎవరికీ తెలియదు.

చెన్నకేశవులుకు మోకాళ్ళు వంగవు. "నేను దిగలేనమ్మా, పల్లెలోకి పోయి ఎవరినైనా పిలుచుకొస్తా" అన్నాడు. అంతదాకా నీళ్ళు ఆగుతాయా? "నువ్వు హారను ఆపొద్దు పెద్దాయనా" అని చీర కాసె పోసుకుని, చెప్పులు విడిచి, కంపలోకి దిగాను.

వదినా, నాకు మిద్దె నిచ్చెన ఎక్కినా కళ్ళు తిరుగుతాయి. ఆ అరుగు దగ్గరికి వచ్చి ఆగాను. బండకు చెంప ఆనించాను. మీ తమ్ముడు చెప్పిన మాటలే పైకి అనుకుంటూ కదిలాను. ముఖం బండకు. కిందికి చూడొద్దు. ముందు కాలు పెట్టి, నిలిచిందని తెలిసినాక వెనక కాలు తియ్యి. మా ఊరి దర్గాను తలుచుకుని బాబయ్యా, బాబయ్యా అనుకుంటూ ఎట్లా దాటానో దాటాను. తర్వాత జారాను. చేతులు తోలు లేచిపోయాయని సాయంత్రం దాకా తెలియలేదు.

చాపబండ మీద నిలబడ్డాను. అక్కడ గండిలోంచి చల్లటి గాలి ఒకటి ముఖానికి కొట్టింది. ఎండాకాలపు తొలివాన వాసన. పైన ఎండ, కింద వాన వాసన. ఇద్దరినీ పేర్లు పెట్టి అరిచాను. నా గొంతే గోడలకు కొట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

ఇక్కడి నుంచి రాసేది మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మీ తమ్ముడికి కూడా.

చాపబండకు దొనమడుగు దగ్గర. పెద్దమడుగు దూరం. అది నాకు తెలుసు. ముందు కుడికి పోయి గంగాధరప్పను లేపి, ఎడమకు పోయి ఉంటే ఇద్దరూ దక్కేవారేమో. లేదా అందరమూ పోయేవాళ్ళమేమో. ఆ క్షణాన నేను ఏదీ బేరీజు వేయలేదు. నా కాళ్ళు ఎడమకు పోయాయి.

నన్ను చూసి మీ తమ్ముడు దయ్యాన్ని చూసినట్టు లేచాడు. "నువ్వు యాడ్నుంచి వస్తివి?" అన్నాడు. "నీళ్ళు" అన్నాను. ఆయన ఏటి వైపు చూశాడు. తేటనీళ్ళ మీద నురుగు తేలుతోంది. గాలం వదిలేశాడు. "గంగాధరప్ప!" అని చాపబండ వైపు పరుగెత్తాడు. నేను వెనకాల.

చాపబండ మీదికి మేమూ నీళ్ళూ ఒక్కసారే చేరినట్టుంది. ఏరు రాలేదు వదినా, గోడ వచ్చింది. ఎర్రటి గోడ, చెట్లతో సహా. ఆయన కొండ మూపు మీదికి ఎక్కి కుడికి పోయి కేకపెట్టాడు, నేనూ వెనకే ఎక్కాను. నేను చూశాను. గంగాధరప్ప దొనమడుగు నడిమధ్య రాతిగుండు మీద నిలబడి ఉన్నాడు. పైకి చూస్తున్నాడు, మమ్మల్ని చూశాడు. చెయ్యెత్తి ఏదో అన్నాడు. రమ్మన్నాడో, వద్దన్నాడో! ఆ హోరులో నోరు కదలడమే కనబడింది. మీ తమ్ముడు దూకబోయాడు. వెనక నుంచి చొక్కా పట్టుకున్నాను. ఆయన తన చేత్తో కుట్టుకున్న చొక్కా. చెయ్యి దగ్గర చిరిగింది కానీ నేను వదల్లేదు. పెనుగులాటలో ఆయన జారి రాళ్ళ సందులో కాలు పడి విరిగింది. నేను మళ్ళీ తలెత్తి చూసేసరికి గుండు లేదు.

పల్లెవాళ్ళు పగ్గాలు వేసి మమ్మల్ని పైకి లాగారు. నాలుగు రోజుల తర్వాత దిగువన ఇసుకమేటలో గంగాధరప్ప దొరికాడు. యశోదమ్మ ధర్మవరం నుంచి వచ్చింది. గంగాధరప్ప భార్య. ఆమెను నేను చూడటం అదే మొదలు. ఏడవలేదు. నా చేతులు చూసి, "నువ్వేనా దిగింది?" అని మాత్రం అడిగింది. అవునన్నాను. తల ఊపి వెళ్ళిపోయింది.

ఆ ఒక్క మాటతో ఆమె ఆగదని నాకు భయం. ముందు ఏ పక్క పోయావని అడిగే రోజు వస్తుంది.

సాజిదా


పరిగి
నవంబరు

సాజిదాకు,

నీ ఉత్తరం మీ అన్నకు చూపించలేదు. పొయ్యిలో వేశాను. ఇది నువ్వూ పొయ్యిలో వెయ్యి.

నువ్వు ఒకటి చెప్పావు కాబట్టి నేనొకటి చెప్పాలి. ఆ ఆదివారం తెల్లవారుతూనే గట్టుకు పోయాను. ఇసుక మీద నురుగు కనబడింది. వెనక సన్నగా నీళ్ళు. ఇంటికొచ్చి మీ అన్నకు చెప్తే, "మళ్ళా తంతా? ఈసారి ఎద్దు కాదు, ఆవు పోసుంటాది" అన్నాడు. పిల్లలు నవ్వారు. నాకు సిగ్గేసింది. వాడు రానన్న మాట గుర్తొచ్చింది. సరే, ఇంకాసేపు చూద్దామని పిండి కలపడానికి కూర్చున్నాను. రొట్టెలన్నీ కాల్చాను. అందరికీ పెట్టాను. అప్పుడు ముత్యాలమ్మ అరుచుకుంటూ వచ్చింది. పోయి చూస్తే ఏట్లో ఎద్దులబండి కొట్టుకుపోతోంది, కాడితో సహా. అప్పుడు పంపాను మీ అన్నను. సైకిలు తొక్కిన తొక్కుడుకు రెండు రోజులు లేవలేదు, పాపం. ఏం లాభం?

నీ కాళ్ళు ఎడమకు పోకముందే నా కాళ్ళు పొయ్యి దగ్గర ఆగిపోయాయి. నువ్వు ప్రాణభయంలో చేసింది అది. నేను చేసింది నలుగురూ నవ్వుతారనే భయంలో. రెండింటిలో ఏది పెద్దదో నువ్వే ఆలోచించుకో.

యశోదమ్మకు ఏమీ చెప్పొద్దు. నువ్వు చెప్తే ఆమె మొగుడు తిరిగి రాడు. చెప్పకపోతే ఆమెకు ఒక ద్వేషం తక్కువ. నా మాట విను.

దౌలత్‌బీ


పెనుకొండ
1958 జనవరి

వదినకు,

మీ తమ్ముడి కట్టు విప్పారు. కర్ర పట్టుకుని వాకిలి దాకా వస్తున్నాడు. మిషను ముందు కూర్చుంటాడు కానీ తొక్కడు. బజారులో లారీ హారను మోగితే చేతిలో కత్తెర కింద పడుతుంది. నిన్న పండగ చొక్కాలకు వచ్చినవాళ్ళను వెనక్కి పంపాడు.

యశోదమ్మ రాయించిన కార్డు వచ్చింది. రెండే ముక్కలు. "ఆయన పోయిన చోటు చూడాలి. నన్ను తీసుకుపోగలవా?" మీ తమ్ముడు చదివి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన నడవలేడు. దారి తెలిసింది నాకే.

కలలో ఆ అరుగు ఇంకా సన్నమవుతుంది. పోను అని రాయడానికి కార్డు తీశాను. రాయలేకపోయాను. ఏట్లో నీళ్ళు ఎట్లున్నాయి?

సాజిదా


పరిగి
జనవరి

సాజిదాకు,

ఏట్లో నీళ్ళు లేవు. నిలువునా నడిచి చూసి వచ్చాను. పైన మైసూరు సీమ నుంచి వచ్చే బండ్లవాళ్ళను అడిగాను. అక్కడా వానలు లేవు. ఈసారి నవ్వినవాళ్ళు ఎవరూ లేరు.

నీళ్ళు లేకపోయినా పోవద్దనే నా మాట. అక్కడికి పోతే ఆమె అడగకుండా ఉండదు, నువ్వు చెప్పకుండా ఉండలేవు.

దౌలత్‌బీ


పెనుకొండ
ఫిబ్రవరి

వదినకు సాజిదా సలాములు.

పోయి వచ్చాను. మీ మాట విననందుకు కోప్పడకండి.

యశోదమ్మ పొద్దున రైలుబండికి ఒక్కతే దిగింది. నాకంటే పెద్దది. అక్కా అని పిలిచాను. దారి పొడుగునా మేం మాట్లాడుకున్నది తక్కువ. కంపలో ఆమె చెంగు తగులుకుంటే విడిపించాను. అరుగు దగ్గర ఎట్లా నడవాలో చెప్పాను. మీ తమ్ముడి మాటలే, ముఖం బండకు, కిందికి చూడొద్దు. చెప్పి ముందు నేను కాలు పెట్టాను. నాలుగడుగులు పోయినాక ఆగిపోయాను. ముందుకు పోలేను, వెనక్కి రాలేను. ఏట్లో నీళ్ళే లేవు వదినా, పైన కొంగలు తిరుగుతున్నాయి, అయినా నా చెవుల్లో ఆ హోరు. పడిపోతానని తెలిసిపోయింది.

వెనక నుంచి నా చెయ్యి ఎవరో పట్టుకున్నారు. గట్టి చెయ్యి, మగ్గం మీద నాడె విసిరి విసిరి కాయలు కాసిన చెయ్యి. "నేనుండా. పద" అంది. దారి చూపించాల్సింది నేను. నడిపించింది ఆమె. అరుగు దాటేదాకా వదల్లేదు.

చాపబండ మీద నిలబడ్డాం. ఆమె అటూ ఇటూ చూసింది. రెండు దారులూ చూసింది.

"మీ ఆయన యాపక్క ఉన్యాడు?" అంది.

ఎడమకు చూపించాను.

"మా ఆయన?"

కుడికి చూపించాను.

"నువ్వు ముందు యాపక్క పోతివి?"

మీ మాట గుర్తుకొచ్చింది. అబద్ధం కూడా నోట్లో సిద్ధంగా ఉంది. కుడి వైపే పోయాను, దారి మునిగిపోయింది అని చెప్పొచ్చు. చూసినవాళ్ళు ఎవరున్నారు? కానీ నా చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఎడమకు చూపించాను. రెండో చెయ్యి ఎత్తాను, అంతే.

ఆమె నా చెయ్యి వదిలేసింది. అక్కడే బండ మీద కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను. కొడుతుందేమో, తిడుతుందేమో, నా ముఖాన ఉమ్ముతుందేమో అని చూశాను. ఏదైనా మేలే అనిపించింది. చివరికి లేచి చీర దులుపుకుని, "ఆయన కూసున్న చోటు చూపించు" అంది.

దొనమడుగుకు నేను ఎప్పుడూ పోలేదు కదా. ఆ రోజు పై నుంచి చూసిందే. రాతితొట్టి మాదిరే ఉంది. మూడు పక్కలా గోడలు. అడుగున కొంచెం నీళ్ళు, పచ్చగా, నిశ్శబ్దంగా. నడుమ ఆ గుండు. అంత చిన్నదా అనిపించింది.

గుండు పక్కన నున్నగా అరిగిన రాయి ఒకటుంది. గంగాధరప్ప దాని మీద కూర్చునేవాడని మీ తమ్ముడు చెప్పాడు. యశోదమ్మ దాని మీద కూర్చుంది. కాళ్ళు నీళ్ళల్లో పెట్టింది. నెత్తి మీద సన్నటి ఆకాశం, గోడల్లో గువ్వల గూళ్ళు. చిన్నచేపలు వచ్చి ఆమె పాదాలు పొడిచాయి.

"మా మగ్గం గుంతలో కూసుంటే ఎదురుగా గోడే కనపడ్తాది. ఇరవై ఏండ్లు ఆ గోడనే చూసినాడు. ఈడికి ఎందుకొస్తాడో అని నేను రోజూ కొట్లాడ్తాంటి" అంది. నాతో అన్నదో, ఆయనతో అన్నదో.

నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. అడగలేదు. అడిగే మాట కాదు.

పొద్దు గండి గోడ వెనక్కి పోయింది. నీడ మడుగు మీదికి వచ్చింది. చల్లగాలి ఒకటి వీచింది. చెవులు ఎగువ వైపే ఉన్నాయి. ఆకు కదిలినా నురుగు వచ్చిందేమో అని నీళ్ళు చూస్తున్నాను. వెనక ఉన్నది ఒకే దారి. "లేద్దాం అక్కా" అన్నాను.

"ఇంకొంచేపు కూసుంటా. నీకు బయమైతే పో, నేను వస్తా" అంది, తల తిప్పకుండా.

చాపబండ కనబడుతూనే ఉంది. లేచి నాలుగు అంగలు వేస్తే చాలు. నా కాళ్ళు లేవమనే అంటున్నాయి వదినా. అవి ఎటు పోతాయో నాకు తెలుసు. ఆమె పక్కన రాయి మీద కూర్చున్నాను. నా కాళ్ళు కూడా నీళ్ళల్లో పెట్టాను.

చీకటి పడబోయేదాకా ఆమె లేవలేదు. ఆమె లేచేదాకా నేనూ లేవలేదు.

సాజిదా